నడిమి గీత

ఉదయం ఏడు కావస్తోంది. తార్నాక మెట్రో స్టేషన్ కింద చాయ్ ఆవిరీ, జనవరి మంచూ ఏది ఏదో తెలియడం లేదు. స్కూటర్ మీద నా వెనక తమ్ముడు. సొంత తమ్ముడు కాదు, క్యాంపస్‌లో ఇంజినీరింగ్ చదివే కుర్రాడు, ఈ పిచ్చిలో నాకు జోడీ. వాడి ఒళ్లో అట్టపెట్టె. అందులో పట్టక విమానం తోక బయటికి పొడుచుకొచ్చింది. సిగ్నల్ దగ్గర పక్కనే ఆగిన ఆటోడ్రైవర్ తల బయటపెడతాడు.

"ఇది నిజంగ ఎగుర్తదా, తమ్మీ?"

"ఎగుర్తది అంకుల్. దింపుడే కష్టం."

ఉస్మానియా రోడ్డులోకి తిరగ్గానే చలి చెవులు కొరుకుతుంది. మఫ్లర్లు చుట్టుకుని నడిచే పెద్దమనుషులు, వాళ్లతో పాటే నడిచే కుక్కలు, పొదల్లో ఎక్కడో నెమలి కేక. 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ గులాబీ రాయి మీద ఎండ ఇంకా సగం దాకే దిగింది. మేం ఆగం. గాలి ఇలా ఉండేది ఎనిమిదిన్నర దాకానే.

గ్రౌండ్‌లో ఎవరూ లేరు. అనుమతుల కాగితం నా జేబులో ఉంది. బేగంపేట రన్‌వే ఇక్కడికి గద్ద ఎగిరే దారిలో పది కిలోమీటర్ల లోపే కాబట్టి, ఎయిర్‌స్పేస్ మ్యాప్ చూసుకోకుండా ఇక్కడ కిలో బరువున్న బొమ్మనైనా లేపకూడదు. ఆ తతంగం రాస్తూ కూర్చుంటే గాలి మారిపోతుంది, వదిలేద్దాం.

దక్షిణం అంచున నిలబడ్డాం. గాలి తూర్పు నుంచి. అంటే విమానం మా ఎడమ నుంచి, పడమటి వేపచెట్ల మీదుగా వచ్చి, సూర్యుడి వైపు దిగాలి. చెట్లు దాటిన చోటి నుంచి పిచ్ మీద కప్పిన పట్టా దాకా నా నడకలో అరవై అంగలు. అంతే చోటు. ఫ్లాప్‌లు లేకుండా ఈ విమానాన్ని చెట్ల మీదుగా తెస్తే నేలకు జానెడు ఎత్తున తేలుతూ పట్టా దాటి, అవతలి కంచె దాకా పోతుంది. దానికి దిగాలని ఉండదు.

రెక్క ఈ చివరి నుంచి ఆ చివరికి 1.4 మీటర్లు. వెనక అంచున చివర్లకు ఉన్నవి ఐలరాన్లు, పక్కలకు వాల్చడానికి. ఒంటికి దగ్గరగా ఉన్న రెండు పలకలే ఫ్లాప్‌లు. కింద నుంచి విమానాన్ని నడిపే రేడియో మీద మూడు గీతల స్విచ్: పైన, నడుమ, కింద. తమ్ముడు కిందికి నొక్కుతాడు. రెక్కలోని చిన్న సర్వోలు 'ఈ...' అని సన్నగా ఏడుస్తూ పలకల్ని దించుతాయి. వాడు తోక వెనక గొంతుక్కూర్చుని ఒక కన్ను మూస్తాడు.

"ఎడమది తక్కువ దిగుతుందన్నా."

నిజమే, రెండు మిల్లీమీటర్లు. చూపుకి ఏమంత కాదు. గాల్లో మాత్రం ఎక్కువ దిగిన వైపు రెక్క ఎక్కువ లేస్తుంది, విమానం రెండోవైపు ఒరిగిపోతుంది. అదీ నేలకు దగ్గరగా, నెమ్మదిగా ఉన్నప్పుడు. పలకను కదిలించే సన్న కడ్డీ చివరి కొక్కెం, క్లెవిస్, ఊడదీసి ఒక చుట్టు తిప్పి మళ్లీ పెట్టాను. చలికి వేళ్లు మాట వినవు. మూడోసారికి సరిపోయింది.

ఫ్లాప్ చేసే పని మీకు తెలిసిందే. చిన్నప్పుడు కోఠీ బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి కండక్టర్‌తో తిట్లు తిన్నవాళ్లమేగా. అరచేయి బల్లపరుపుగా పెడితే గాలి జారిపోతుంది. కాస్త దోసిలిలా వంచితే చేయి పైకి లేస్తుంది, వెనక్కీ లాగుతుంది. లేపడం, లాగడం రెండూ ఒకేసారి. లిఫ్ట్ వేగం వర్గాన్ని బట్టి నడుస్తుంది కాబట్టి, రెక్క పట్టు 44 శాతం పెరిగితే పడిపోకుండా ఎగరగల కనీస వేగం ఆరో వంతు తగ్గుతుంది. శంషాబాద్‌లో దిగేటప్పుడు కిటికీ పక్కన కూర్చుంటే రెక్క వెనక భాగం జారి బయటికొచ్చి కిందికి వంగడం కనిపిస్తుంది. సూత్రం అదే, ఖర్చు వేరు.

"పోనియ్."

గడ్డి మీద పది అంగలు పరుగెత్తి లేచింది. ఒక చుట్టు, రెండో చుట్టు. యాభై మీటర్ల ఎత్తుకి తీసుకుపోయాను. కొత్తగా సరిచేసిన ఫ్లాప్‌ని మొదటిసారి వాడాల్సింది అక్కడే, నేల దగ్గర కాదు. సంక్రాంతి పతంగుల మాంజా ఇంకా చెట్లకు వేలాడుతోంది, ఎండకు మెరిస్తేనే కనబడుతుంది. తమ్ముడు దాని మీదే కన్నేసి ఉన్నాడు.

స్విచ్ నడిమి గీతకి. ముక్కు పైకి లేస్తుంది, విమానం ఎవరో కింద నుంచి తోసినట్టు ఉబుకుతుంది. రెక్క మారగానే వెనక గాలి కిందికి మళ్లి తోక మీద పడుతుంది, తోక దిగితే ముక్కు లేస్తుంది. అందుకే ఫ్లాప్ దిగినంత మేర తోక మీది పలక, ఎలివేటర్, కూడా తనంత తానే కాస్త కిందికి కదిలేలా రేడియోలో కలిపాను. ఇంకా చాలడం లేదు. కుడి బొటనవేలు ముందుకి. సర్దుకుంది. సర్వో వేగం కూడా తగ్గించి పెట్టాను, పలక దిగడానికి రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లే నా వేలికి వ్యవధి.

పోయిన ఏడాది ఈ వ్యవధే లేదు. చెట్లు దాటాక ఫ్లాప్ పూర్తిగా దించి ఉంది, విమానం మరీ నెమ్మదించింది. కంగారులో మోటారు పెంచడం మరిచి స్విచ్ టక్కున పైకి కొట్టాను. పట్టు ఒక్కసారిగా పోయి, మనిషి ఎత్తు నుంచి కొబ్బరికాయలా పడింది. ముక్కు విరిగింది. ఫెవిక్విక్‌తో అతికించిన గీత ఇప్పటికీ ఉంది. అదృష్టం, ఇది గట్టి ఫోమ్. మామూలు థర్మాకోల్ అయితే ఆ జిగురుకే కరిగిపోయేది.

"దింపుతున్నా."

ఎడమకి తిప్పి చెట్ల వెనక్కి తీసుకుపోయాను. స్విచ్ నడుమకి, ఆపైన కిందికి. ఈసారి ముక్కు ఉబకలేదు. మోటారు పూర్తిగా ఆపకూడదు, ఫ్లాప్ లాగుడుకి వేగం చిటికెలో హరించుకుపోతుంది. పావు వంతు ఉంచాను. వేపకొమ్మల మీదుగా వస్తోంది, ముక్కు వాల్చుకుని, గుట్ట దిగే సైకిల్‌లా నిటారుగా.

"అన్నా, కుక్క!"

పిచ్ అడ్డంగా ఒక గోధుమరంగు కుక్క, ఆకాశం దాని సొత్తన్నట్టు తల ఎత్తి నిలబడింది. ముందు మోటారు. పూర్తిగా. వేలు స్విచ్ మీదికి పోతోంది, ఆపుకున్నాను. పైకి లేస్తోందా? లేస్తోంది. ఇప్పుడు నడిమి గీత. ఒకటి, రెండు. కంచె దాటింది. వేగం అందింది. అప్పుడు పైన. తమ్ముడు కుక్క వైపు చేతులూపుతూ పరుగెత్తాడు. అది కూడా వాడితో పరుగెత్తడానికే సిద్ధపడింది.

రెండో చుట్టులో పైన గద్ద ఒకటి చేరి ఈ బొమ్మని పరీక్షగా చూసి, విలువ కట్టి, వెళ్లిపోయింది. దిగేటప్పుడు అది కూడా తోక విప్పి, రెక్కలు దోసిలి చేసి, గాలిలో క్షణం వేలాడి వాలుతుంది. దానికి స్విచ్ అక్కర్లేదు.

మళ్లీ చెట్లు. మళ్లీ కింది గీత. కొమ్మల పైన మోటారు హోరు తగ్గి, ప్రొపెల్లర్ చప్పుడు ఒక్కటే సన్నగా. నిటారు దిగుడు. నేల దగ్గర వేలు వెనక్కి, గోటి మందం, ఇంకొంచెం. ముక్కు లేచింది. చక్రాలు మంచు తడిసిన గడ్డిని ముట్టాయి, ఎగిరి పడలేదు. పట్టాకి నాలుగు అంగల ముందు ఆగింది.

కుక్క వచ్చి ప్రొపెల్లర్‌ని వాసన చూస్తోంది. తమ్ముడు దాన్ని పక్కకు నెట్టి బ్యాటరీ తీయబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. స్విచ్ పైకి నొక్కాను. 'ఈ...' అంటూ పలకలు రెండు సెకన్లు తీసుకుని, రెండూ ఒక్కసారే, రెక్కలో కలిశాయి.

"ఇప్పుడు సరిపోయింది," అన్నాడు వాడు, ఒక కన్ను మూసి.