మాంట్రియాల్ దీపములు – అదెలార్ గోద్బూ

మా మాంట్రియాల్ నగర మధ్యమున హైడ్రో-క్యుబెక్ విద్యుత్సంస్థవారి ప్రధాన భవనము కలదు. ఆ భవనమునకు తరువాతి కాలపు క్యుబెక్ ప్రధాని జాన్ లెసాజ్ పేరును, దాని ముందరి రాజవీథికి మరియొక ప్రధాని రెనే లెవెక్ పేరును పెట్టి గౌరవించిరి గాని, 1944 ఏప్రిల్ నెలలో మాంట్రియాల్ లైట్, హీట్ అండ్ పవర్ అను ధనాఢ్యమగు కంపెనీని ప్రభుత్వపరము చేసి ఆ సంస్థకు జన్మమొసగిన అదెలార్ గోద్బూ పేరు గ్రిఫిన్‌టౌన్‌లోని యొక సబ్‌స్టేషన్‌కు దక్కినది. ఇది న్యాయమని నాకు తోచదు.

వ్యవసాయశాస్త్రము బోధించు అధ్యాపకుడుగా నుండి రాజకీయములలో ప్రవేశించిన యీయనను క్యుబెక్ ప్రధానిగా గద్దె నెక్కించినది రెండవ ప్రపంచయుద్ధమే. 1939 అక్టోబరు ఎన్నికలలో, నిర్బంధ సైనికసేవ యుండబోదని ఒట్టావాలోని కేంద్రప్రభుత్వపు లిబరల్ మంత్రులు చేసిన వాగ్దానమును నమ్మి, క్యుబెక్ ప్రజలు అప్పటి ప్రధాని దుప్లెసీని దింపి, లిబరల్ పక్షమువాడే యగు యీయనకు పట్టము గట్టిరి.

అధికారమునకు వచ్చిన కొలది మాసములకే, కార్డినల్ విల్‌నవ్ అంతటి మతాధిపతి బహిరంగముగా వ్యతిరేకించుచున్నను వెనుదీయక, 1940 ఏప్రిల్ 25న స్త్రీలకు ఓటుహక్కు నొసగు శాసనమును నెరవేర్చెను. కెనడాలోని తక్కిన రాష్ట్రములన్నియు అంతకు పూర్వమే యిచ్చిన యా హక్కునకై తెరేజ్ కాస్గ్రాఁ, ఇదోలా సాఁ-జాన్ మొదలగు మా నగర వనితలు ఏటేటా శాసనసభ తలుపు తట్టి రిక్తహస్తములతో మరలినవారు. 1943లో బాలబాలికలకు నిర్బంధవిద్యయు ఈయన కాలముననే శాసనమయ్యెను.

అయితే ఒట్టావా మాట నిలువలేదు. 1942 ఏప్రిల్ 27న ఆ వాగ్దానమునుండి తమను విముక్తులను జేయుడని కేంద్రప్రభుత్వము ప్రజాభిప్రాయము కోరగా, దేశమున అధికసంఖ్యాకులు సమ్మతించిరి. క్యుబెక్‌లో మాత్రము నూటికి డెబ్బదిమందికి పైగా వలదనిరి. యుద్ధమునకై జరిపిన జాతీయ నమోదును ధిక్కరించిన మా మేయరు కమిలియెన్ ఊద్ అప్పటికే నిర్బంధశిబిరమున నుండెను. అట్టి వేళ యుద్ధప్రయత్నమునకు తోడ్పడిన గోద్బూపై ఒట్టావా మనిషియను ముద్ర పడక తప్పలేదు.

1944 ఆగస్టు 8నాటి ఎన్నికలలో స్త్రీలును ఓటువేసిరి. గోద్బూ పక్షమునకే ఓట్లు హెచ్చుగా వచ్చినను, నియోజకవర్గముల యమరికవలన దానికి 37 స్థానములును, దుప్లెసీ పక్షమునకు 48 స్థానములును లభించెను. అటుపిమ్మట పదునైదేండ్లు పాలించిన దుప్లెసీ స్త్రీల ఓటును తీసివేయలేదు. హైడ్రో-క్యుబెక్‌ను కంపెనీవారికి మరల నప్పగింపనూ లేదు.