శ్రీశైలం, రాత్రి పదిన్నర

2020 ఆగస్టు 20. కృష్ణకు వరద. శ్రీశైలంలో కుడిగట్టు అప్పటి కర్నూలు జిల్లా, ఎడమగట్టు తెలంగాణ. ఎడమగట్టున కొండ కడుపులో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు. నీళ్లున్నప్పుడే కరెంటు తీయాలి. ఆ నేలమాళిగలోనే, ఆ రాత్రే, బ్యాటరీలు మార్చే పనీ నడుస్తోంది.

పదిన్నర ప్రాంతంలో ప్యానెల్లో మంట లేచింది.

దీపాలు ఆరాయి. కేబుళ్లు కాలిన ఘాటు వాసన. కొందరు దగ్గుతూ, తడుముకుంటూ బయటపడ్డారు. అవతలి గట్టు ఆత్మకూరు నుంచి ఫైరింజన్ ఘాట్‌రోడ్డు ఎక్కి వచ్చింది, ఆక్సిజన్ మాస్కులు తగిలించుకున్నవాళ్లు సొరంగంలోకి దిగారు, ముందు మనిషి కనబడనంత పొగ ఎదురు తన్ని వెనక్కి నెట్టింది, మళ్లీ దిగారు, మళ్లీ నెట్టింది. లోపలివాళ్ల జాడ లేదు.

వందల మెగావాట్లు పుట్టే చోట బ్యాటరీలెందుకు? బ్రేకర్‌ను ట్రిప్ చేసే కాయిల్‌కు, రిలేలకు ప్రాణం ఆ బ్యాటరీల డీసీయే. మెయిన్ ఉన్నా పోయినా అది ఉండాలి. అది పోతే యంత్రం తిరుగుతూనే ఉంటుంది, తప్పు జరిగితే దానంతటదే ఆపే దారి మూసుకుపోతుంది. నడిచే యంత్రానికి బ్యాటరీలు మార్చడం కత్తిమీద సాము.

మరునాడు ఒక్కొక్కరినే శవంగా మోసుకొచ్చారు. తొమ్మిది మంది. ఏడుగురు జెన్‌కో సిబ్బంది. ఇద్దరు బ్యాటరీల పనికి వచ్చినవాళ్లు. ప్రభుత్వం సీఐడీ విచారణకు ఆదేశించింది.

కర్నూలు, కడప షెడ్లలో పాత సీఎన్‌సీకి కొత్త సర్వో యాంప్లిఫయర్లు, అంటే డ్రైవ్‌లు బిగించే అన్నలారా, మీ ప్యానెల్లోనూ కరెంటు దారులు రెండు. చాలా డ్రైవ్‌లలో ఒకటి కంట్రోల్ సప్లై, తరచుగా 24 వోల్టుల డీసీ. రెండోది మోటారును తిప్పే మెయిన్. రెండింటినీ ఒకే స్విచ్‌కు కట్టేయకండి. ముందు కంట్రోల్ రావాలి, డ్రైవ్‌లో అలారం లేదని తేలాలి, ఆ తర్వాతే కాంటాక్టర్ మెయిన్‌ను కలపాలి. ఎమర్జెన్సీ బటన్ నొక్కితే మెయిన్ పడిపోవాలి, కంట్రోల్ నిలవాలి. అది నిలిస్తేనే ఏం జరిగిందో అలారం చెబుతుంది. మన లైను 415 వోల్టులు. 200 వోల్టుల రకం డ్రైవ్‌కు నేరుగా తగిలిస్తే కాలిపోతుంది, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండాల్సిందే.

మెయిన్ తీసేశాక కూడా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచే ఉంటాయి. మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు ఆగండి. మీటర్‌తో కొలవండి. ప్రమాదం లేదని మీటర్ చూపేదాకా టెర్మినల్ మీద వేలు పెట్టకండి.