గాలి రాకముందే పేర్లు రాసుకోవాలి

బరంపురం నేతవాడలకు తుఫాను కొత్త కాదు. మహురి రాజుల పిలుపు మీద మన దేరా పూర్వీకులు ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ పట్టు మగ్గాలు వేశారని పెద్దలు చెబుతారు. సముద్రం దూరమేం లేదు, గోపాల్‌పూర్ పక్కనే. గుంట మగ్గంలోకి నీళ్లొస్తే పడుగూ పోతుంది, ఆ నెల కూలీ పోతుంది.

1999 అక్టోబరు 17న ఒక తుఫాను మన గంజాం తీరాన్నే కొట్టింది. 29న పారాదీప్ వైపు మహా తుఫాను వచ్చింది. ఒడిశాలో దాదాపు 10,000 మంది పోయారు. అప్పటికి తీరంలో తుఫాను షెల్టర్లు బహు కొద్ది.

ఆ ఏడాదే ప్రభుత్వం విపత్తుల కోసం ప్రత్యేక సంస్థ పెట్టింది. తర్వాత తీరమంతా షెల్టర్లు లేచాయి. షెల్టర్‌కో కమిటీ, దాని కింద ఊరి యువతతో దళాలు. హెచ్చరిక చెప్పేవాళ్లు వేరు, జనాన్ని కాపాడి తెచ్చేవాళ్లు వేరు, ప్రథమ చికిత్స చేసేవాళ్లు వేరు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్ల పైనే. ఇళ్లూ చెట్లూ కూలాయి. కానీ దాదాపు 10 లక్షల మందిని ముందే తరలించడంతో చావులు పదుల్లో ఆగాయి.

2020లో మన జిల్లాలోని వెంకటరాయిపూర్ అనే మత్స్యకారుల ఊరికి, సునామీకి సిద్ధంగా ఉన్న ఊరుగా యునెస్కో గుర్తింపు దక్కింది. దారి పటాలు, కసరత్తులు, ఊరి కమిటీ ఉంటేనే ఆ గుర్తింపు ఇస్తారు.

మనకీ పద్ధతి తెలియనిది కాదు. రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి జాతరకు దేశిబెహెరా ముందుండగా, పని పంచుకునే నడుస్తాం. తుఫానుకూ అంతే చేద్దాం. "ఎవరొస్తారు?" అని వీధిలో కేకేస్తే అందరూ తలూపుతారు, పని దగ్గర ఎవరూ కనబడరు. ఫలానా అవ్వను ఫలానా ఇద్దరు తీసుకెళ్లాలని పేర్లు రాసి పెట్టుకుంటే పని జరుగుతుంది. ఆడవాళ్లనూ దళంలో చేర్చాలి. ఏ ఇంట్లో బాలింత ఉందో, ఎవరికి మందులు కావాలో వాళ్లకే బాగా తెలుసు.

ఒక్క మాట మరవద్దు. సేవకు వెళ్లిన నేతగాడి మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది. అతని పడుగు పైకెత్తి భద్రం చేసే పనీ, పోయిన కూలీ భారమూ వీధి మోయాలి. అప్పుడే రెండోసారి కూడా వస్తాడు.