బస్తరు దారుశిల్పి పాండీరామ్ మండావి

1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యముల వశమైన పిమ్మట, ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇంద్రావతీ తీరమునకు పోయి బస్తరు రాజ్యమును స్థాపించెనని అచ్చటి రాజవంశ చరిత్ర చెప్పుచున్నది. కావున బస్తరు మనకు పరాయిసీమ కాదు. అయితే రాజుల పేర్లు శాసనములకెక్కినవి. అడవిలోని శిల్పుల పేర్లు వ్రాసికొన్నవారు అరుదు.

మురియా గోండుల యువజనులు కూడియుండు గృహమునకు ‘ఘోటుల్’ అని పేరు. ఆటపాటలు, మర్యాదలు, పనులు వారికి అచ్చటనే అలవడెడివి. దాని స్తంభములపై మనుష్యులను, మృగములను, పక్షులను చెక్కుట వారి ఆచారము. 1947లో వెరియర్ ఎల్విన్ ఈ ఘోటుల్‌ను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. లోకమునకు ఆచారము తెలిసినది. ఉలి పట్టిన చేయి మాత్రము మరుగుననే యుండెను.

నారాయణపూర్ జిల్లా వాసియైన పాండీరామ్ మండావి ఈ సంప్రదాయమున పుట్టినవారు. పండ్రెండేండ్ల ప్రాయముననే పెద్దలవద్ద పని నేర్చిరి. కొయ్యపలకలపై ఉబ్బెత్తు చిత్రములు, విగ్రహములు చెక్కుటయేకాక, ‘సులూర్’ అను వెదురు వేణువులను చేయుటలోను ఆయన నేర్పరి. 2025లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నొసగెను.

మన దస్త్రములలో చిత్రకళ ఒక శీర్షిక, హస్తకళ వేరొక శీర్షిక. మొదటిదాని క్రింద కర్త పేరుండును. రెండవదాని క్రింద తరచుగా ఊరిపేరు, వెల మాత్రమే యుండును. ఘోటుళ్లు సన్నగిల్లిన ఈ కాలమున, చేసినవానిని పేరుతో ఎరుగకున్నచో, ఆ విద్య ఎవరితో అంతరించినదియు మనకు తెలియకపోవును. ఇకమీదట బస్తరు బొమ్మ మన యింటికి వచ్చినప్పుడు, శిల్పి పేరడిగి దాని అడుగున వ్రాసియుంచుదము.