పురసవాక్కమున నీటి త్రోవలు

చెన్నపురిలోని ప్రాచీనములగు పేటలలో పురసవాక్కమొకటి. పురసు అనగా మన మోదుగ. ఆ చెట్ల వలననే యీ పేరు కలిగినదని చెప్పుదురు. ఇచ్చటి దైవము గంగాధరేశ్వరుడు. గంగను శిరమున దాల్చిన స్వామి నెలకొన్న పేటలో నీటి చరిత్రను తలచుకొనుట ఉచితమే. తొట్టి యెంత పెద్దదను దానికంటె, నీరు ఏ త్రోవను వచ్చి ఏ త్రోవను పోవునను విచారమే ముఖ్యమని యీ చరిత్ర మనకు బోధించుచున్నది.

మన పెద్దలు కోనేటిని నేలలోనికి త్రవ్వి, చుట్టును రాతిమెట్లు కట్టిరి. వాననీరు తనంతట వచ్చి చేరుటకు కాలువయు, మిగులు నీరు పోవుటకు తూమును ఏర్పరచిరి. అడుగును మట్టిగనే విడిచిరి. అందు ఇంకిన నీరు చుట్టుపట్ల బావులను నింపెను. అక్కడ వేరే యంత్రములేదు, పల్లమే యంత్రము. వీధులు మెరకయై, ఇండ్లు క్రిక్కిరిసి, కాలువలు పూడిన చోటులనెల్ల కోనేళ్లు ఎండిపోయినవి.

పట్టణమునకు నీరు తెచ్చినవారును పల్లమునే నమ్ముకొనిరి. 1872లో నెరవేరిన పథకమున కొసస్తలై నదీజలము తామరైపాక్కము ఆనకట్ట యొద్ద మరలి, చోళవరము, పుళల్ చెరువులను చేరి, అచటినుండి మూతలేని కాలువ గుండ కీల్పాక్కమునకు వచ్చెను. త్రోవలో నీరు మలినమగుచుండుటచే మాడ్లీ అను ఇంజనీరు దానిని మార్చెను. 1914 నుండి మూతగల కాలువయు, ఇసుకతో మెల్లగా వడగట్టు తొట్లును, నీటిని ఎత్తు తొట్టికి ఎక్కించు యంత్రములును పనిచేయసాగినవి. పురసవాక్కమునకు ప్రక్కనే యున్న కీల్పాక్కము ఇట్లు నగరమున కంతటికిని నీటి గుండెకాయ యయ్యెను.

అయితే ఆ గొట్టముల ఏర్పాటు 1961 నాటికి 6.6 లక్షల జనముండునను అంచనాతో చేయబడినది. ఆ సంవత్సరపు జనాభా లెక్కలలో తేలినది 17 లక్షలు! గొట్టములలో ఒత్తిడి తగ్గెను. కుళాయి నీరు మేడకెక్కుట మానినది. గృహస్థులు నేలలో తొట్టి, మిద్దెపై తొట్టి, నడుమ మోటారు అమర్చుకొనిరి. కీల్పాక్కపు ఏర్పాటే చిన్నదై ప్రతి పెరటిలోనికిని వచ్చెననవచ్చును.

నేడు నేలతొట్టినిగాని, సగము భూమిలోను సగము పైనను ఉండు ఈతకొలనునుగాని కట్టదలచువారు ఈ పాఠములను మరువరాదు. పంపు నీటిని పైకి పీల్చుటకు హద్దు కలదు. సిద్ధాంతరీత్యా 10 మీటర్లే. ఆచరణలో 7 మీటర్లు దాటదు. కనుక దానిని కొలనుకు చేరువను, వీలైనంత తక్కువ ఎత్తునను ఉంచవలెను. గొట్టములో మలుపులు తగ్గింపవలెను. పంపు నీటిమట్టమునకు దిగువనున్నచో ముందు వెనుకల బిరడాలు తప్పనిసరి. లేకున్న వడపోత పాత్రను విప్పినంతనే కొలను నీరెల్ల వెలికి పారును. మోటారును వాననీరు నిలుచు గోతిలో నుంచరాదు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వచ్చు వానలలో భూజలము పైకుబుకును. అప్పుడు తొట్టిని ఖాళీచేసినచో క్రిందినీరు దానిని పడవవలె పైకెత్తి పగులగొట్టగలదు.

1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడగా పాలన వేరయ్యెను. 1983 నాటి ఒప్పందము ననుసరించి, 1996లో కృష్ణాజలము కండలేరు మీదుగా పూండి జలాశయమును చేరెను. తెలుగుగంగ అను పేరు మన చెవులకు తీపియే. కాని 2019 వేసవిలో పూండి, చోళవరము, పుళల్, చెంబరంబాక్కము నాలుగును ఎండినంత పనియై, వీధివీధిని బిందెల బారులు తీరినవి. దూరమునుండి వచ్చు గంగను మాత్రమే నమ్ముకొనక, మన మిద్దెపై కురిసిన వానకు గూడ ఒక త్రోవ చూపవలసిన బాధ్యత మనపై నున్నది. 2003 నుండి తమిళనాట చట్టము కోరుచున్నదియు ఇదియే. కొత్త తొట్టికి కొలతలు గీయునాడే, వాననీటి గొట్టమును గూడ ఆ పటములో గీయించుదము.