శింగనమల ఎప్పుడూ గెలిచే వైపే: ప్రతిపక్షం ఎరగని రిజర్వుడు సీటు

శింగనమలలో గెలిచిన పార్టీదే రాష్ట్రంలో అధికారం అని అనంతపురం జిల్లాలో ఒక నమ్మకం. ఈ శతాబ్దంలో అది తప్పలేదు. 2004, 2009లో కాంగ్రెస్, 2014లో టీడీపీ, 2019లో వైఎస్సార్‌సీపీ, 2024లో మళ్లీ టీడీపీ. సరదాగా చెప్పుకునే ఈ సెంటిమెంటుకు ఇంకో అర్థం ఉంది. ఎస్సీలకు కేటాయించిన ఈ సీటు ఇరవై ఏళ్లుగా ప్రతిపక్షం బెంచీల్లోకి ఒక్కరినీ పంపలేదు.

అదే జిల్లాలో ఉరవకొండ జనరల్ సీటు. 2004 నుంచి 2019 దాకా నాలుగుసార్లూ అక్కడ ప్రతిపక్షమే గెలిచింది. 2019లో గెలిచిన పయ్యావుల కేశవ్ ప్రజాపద్దుల కమిటీ ఛైర్మన్ అయ్యారు, 2024లో ఆర్థిక మంత్రి. కాగ్ నివేదికలు ముందు పెట్టుకుని, అధికారులను పిలిచి, డబ్బు ఏమైందని అడిగే కమిటీ అది. 2013 సబ్‌ప్లాన్ చట్టం కింద మనకు రావలసిన నిధుల సంగతి అడగాల్సిన చోట్లలో అదొకటి.

అధికార పక్షం ఎమ్మెల్యే అడగకూడదా? అడగొచ్చు, చట్టం అడ్డు రాదు. కానీ 1985లో వచ్చిన పదో షెడ్యూల్ ప్రకారం విప్‌ను కాదని ఓటేస్తే సభ్యత్వం పోవచ్చు. వచ్చేసారి టికెట్ అధినేత చేతిలో ఉంటుంది. టీడీపీకి గానీ వైఎస్సార్‌సీపీకి గానీ దళిత అధినేత ఎన్నడూ లేరు.

1952 డిసెంబరులో పూనా జిల్లా లా లైబ్రరీలో మాట్లాడుతూ అంబేడ్కర్ ప్రజాస్వామ్యం నిలవడానికి కావలసిన షరతులు చెప్పారు. మొదటిది సమాజంలో ఘోరమైన అసమానతలు లేకపోవడం, రెండోది ప్రతిపక్షం ఉండటం. ఆ వరుస గమనించాలి. అదే ఏడాది అనంతపురంలో కాంగ్రెస్ నేత నీలం సంజీవరెడ్డిని కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి ఓడించారు. ఇద్దరూ బావా బావమరుదులు. నాగిరెడ్డి ఊరు తరిమెల శింగనమల మండలంలోనిదే. పేదల పక్షాన ఆయన నిలబడ్డ తీరును తక్కువ చేయలేం. అయినా పాలకపక్షమూ ప్రతిపక్షమూ ఒకే చుట్టరికంలో ఉన్న జిల్లా ఇది.

2024లో ఉమ్మడి అనంతపురంలోని 14 సీట్లూ అధికార కూటమికే వెళ్లాయి. 175 మంది సభలో వైఎస్సార్‌సీపీకి 11 మంది. పదో వంతు, అంటే 18 మంది లేరని ప్రతిపక్ష నేత హోదా దక్కలేదు. 1994లో 294 సీట్లకు 26 మాత్రమే గెలిచిన కాంగ్రెస్ నుంచి పి. జనార్దనరెడ్డికి ఆ హోదా దక్కింది కదా అన్నది ఆ పార్టీ వాదన. ప్రజాపద్దుల కమిటీ ఛైర్మన్ పదవి కూటమిలోని జనసేనకు పోయింది. హోదా ఇవ్వలేదని సభకు దూరంగా ఉండటం మాత్రం ఓటేసినవాళ్లకు చేసిన న్యాయం కాదు.

ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రారంభించిన బండ్లపల్లి కూడా శింగనమల నియోజకవర్గంలోదే. అక్కడ కూలి డబ్బులు ఆలస్యమైతే ప్రభుత్వాన్ని నిలదీసే ఎమ్మెల్యే ఎవరు? ఉమ్మడి జిల్లాలోని మరో ఎస్సీ సీటు మడకశిరలో 2024లో మెజారిటీ 351 ఓట్లు. గెలిచినవారికి పడ్డన్ని ఓట్లే దాదాపుగా ఓడినవారికీ పడ్డాయి. ఆ ఓటర్ల తరఫున అడిగే ప్రతిపక్ష ఎమ్మెల్యే ఇప్పుడు ఉమ్మడి జిల్లా మొత్తంలో ఒక్కరూ లేరు.