ఉప్పు బిడారు నుంచి పీహెచ్‌డీ దాకా: మన చదువుకు డబ్బు ఎక్కడుంది?



ఎంఏ ఎకనామిక్స్ అయిపోయాక మాచర్లలో అయినా, గురజాలలో అయినా మన ఇళ్లల్లో వినపడేది ఒకటే ప్రశ్న. "పీహెచ్‌డీ అంటే ఐదేళ్లు. అన్నాళ్లు ఇల్లెట్టా గడిచిద్ది?" ప్రశ్న న్యాయమైందే. జవాబు కోసం కొంచెం వెనక్కి పోదాం.

రైళ్లు, తారురోడ్లు రాకముందు దక్కన్‌లో సరుకు రవాణా అంటే మన సుగాలీల ఎద్దుల బిడారులే. తీరంలో ఉప్పు ఎత్తుకుని లోపలి నాడులకు తోలుకుపోయేవాళ్లు, తిరుగుదారిలో ధాన్యం, పత్తి తెచ్చేవాళ్లు. 1791-92లో టిప్పు మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికి ధాన్యం అందించింది కూడా బంజారాలే. ఎరుకలవాళ్లూ ఉప్పు, ధాన్యం ఊరూరా తిప్పి అమ్మినవాళ్లే. తర్వాత ఉప్పు సర్కారు గుత్త అయింది, రైళ్లొచ్చాయి, బిడారు ఆగిపోయింది. బతుకుదెరువు పోయినవాళ్లను ఆదుకోవాల్సింది పోయి 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అది అమలైంది. స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఆ రోజుల్లో పుట్టిందే. చట్టం 1952లో రద్దయింది. ముద్ర అంత తేలిగ్గా పోలేదు.

ఇదంతా ఆర్థిక చరిత్రే. కానీ రాసింది ఎవరు? చెంచుల మీద 1943లో పుస్తకం అచ్చేసింది ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెన్‌డార్ఫ్. ఉప్పు విధానం ఎరుకల వ్యాపారాన్ని ఎట్లా కూల్చిందో చూపింది మీనా రాధాకృష్ణ. వాళ్లకు రుణపడి ఉన్నాం. అయినా మన లెక్క మనం రాయలేదన్న వెలితి మిగిలే ఉంది.

డబ్బు లేకుండా పరిశోధన ఎవరూ చేయలేదు. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు నెలకు పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్ ఇస్తేనే అంబేడ్కర్ కొలంబియా యూనివర్సిటీలో ఎకనామిక్స్ చదవగలిగారు. ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ముండా ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది కూడా ఎకనామిక్సే, అదీ మిషనరీల అండతో. అప్పట్లో ఒక దాత దయ ఉండాలి. ఇప్పుడది మన హక్కు.

విదేశాల్లో చదువుకు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1954-55 నుంచీ ఉంది. ఎస్టీలకు ఏటా 20, అందులో 3 చెంచుల్లాంటి అతి వెనుకబడిన తెగలకు. దేశంలో పీహెచ్‌డీకి 2005-06లో రాజీవ్ గాంధీ ఫెలోషిప్ మొదలైంది. అదే ఇప్పుడు గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చే నేషనల్ ఫెలోషిప్, ఏటా 750. దీనికి నెట్ అక్కర్లేదు, పీజీ మార్కులు చూస్తారు. అయితే ముందు ఫుల్‌టైమ్ పీహెచ్‌డీలో చేరి ఉండాలి. అంటే సీటు ముందు, ఫెలోషిప్ తర్వాత. నెట్‌లో జేఆర్ఎఫ్ కొడితే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. ఇవి కాక ఐసీఎస్ఎస్ఆర్ డాక్టోరల్ ఫెలోషిప్పులున్నాయి. సీటు కోసం నాగార్జున యూనివర్సిటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, బేగంపేటలోని సెస్, ముంబైలో రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఐజీఐడీఆర్ చూడండి.

ఇక టాపిక్ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. సాగర్ కుడి కాలువ నీళ్లు ఏ తండా దాకా వచ్చాయి, ఏ తండా దగ్గర ఆగాయి? మిర్చి, పత్తి కౌలుకు చేసేవాడికి అప్పు ఎవరిస్తున్నారు, వడ్డీ ఎంత? సుగ్గికి వలసపోయిన ఇంట్లో పిల్లల చదువు ఏమవుతోంది? బయటివాళ్లు వీటికి సర్వే చేస్తారు. మనకైతే ఆ ఇళ్లు తెలుసు, ఆ భాష తెలుసు.

కాబట్టి పీజీ రెండో ఏడులో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కులం సర్టిఫికెట్, మార్కుల మెమోలు ఇప్పుడే సర్దిపెట్టుకోండి. ఇంట్లో అమ్మానాయనలకు ఒక మాట చెప్పండి: ఇది ఖర్చు పెట్టి చదివే చదువు కాదు, జీతంలా నెలనెలా డబ్బొచ్చే చదువు.